తీసేసిన ఒక్క వాక్యం

మార్చి 3, మంగళవారం

సరిగ్గా మీటింగ్ మధ్యలో వదిన ఫోన్. అన్నయ్య మాటలు రాసిపెట్టుకున్న ఫైళ్ళన్నిటిలో ఒకేసారి ఏదో మార్చాలట, మా ప్రోగ్రాంలో ఏ స్విచ్ వాడాలని అడిగింది. "నేను రాసిన పేజీ ఉంది కదా వదినా, అందులో అంతా ఉంది, చదువుకో" అన్నాను. "నువ్వు చెప్తే రెండు నిమిషాల పని కదే" అంది. "నేను చెప్పే పని లేకుండా ఉండాలనే కదా పేజీ రాసింది" అన్నాను. మీటింగులో అందరూ నవ్వారు. ఆ మాట నాకూ నచ్చింది. అందుకే రాసుకుంటున్నాను.

మార్చి 5, గురువారం

కొత్త మేనేజరు అమ్మకాల విభాగం నుంచి వచ్చాడు. మనిషి మంచివాడే గానీ కంప్యూటరుకి పనులు చెప్పే మా స్క్రిప్టింగ్ భాష గురించి ఓనమాలు తెలియవు. "అసలు స్విచ్ అంటే ఏంటి మేడమ్?" అని అడిగాడు. ప్రోగ్రాం పేరు పక్కన చిన్న గీత గీసి ఒక అక్షరం రాస్తామనీ, ఆ అక్షరాన్ని బట్టి అది పనిచేసే తీరు మారుతుందనీ చెప్పాను. "ఎన్ అని రాస్తే ఫైలును లైను లైనుగా చదువుతుంది, మనం చెప్తే తప్ప ఏమీ ప్రింట్ చెయ్యదు. ఐ అని రాస్తే, వచ్చిన ఫలితాన్ని తెర మీద చూపించకుండా అదే ఫైల్లో, పాతదాని స్థానంలో రాసేస్తుంది. ఇలాంటివి ఇరవై ఉన్నాయి." అంతా విని తలూపి, "మరి మీ పేజీ మీద నలభై ఒక్క ఫిర్యాదులున్నాయేంటి?" అన్నాడు. చదవడం రానివాళ్ళు నలభై ఒక్కమంది ఉన్నారని చెప్పాను.

నెలాఖరుకల్లా ఆ పేజీని స్పష్టంగా తిరగరాయాలట. నేను ఈ ఉద్యోగంలో చేరినప్పుడు అచ్చు తీస్తే అది పద్దెనిమిది పేజీలు. దాన్ని నాలుగు చేశాను. ఆఫీసులో నన్ను కత్తెర అంటారు. నాకు తెలియదనుకుంటారు. నాకది బిరుదు.

వదినవి రెండు మిస్డ్ కాల్స్, నిన్న పొద్దున ఒకటి, ఇవాళ ఒకటి. మళ్ళీ అదే సందేహం అయ్యుంటుంది. ఆదివారం ఎలాగూ వెళ్తాను కదా.

మార్చి 8, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

తలుపు తీసిన వదిన ఏమీ ఆటపట్టించలేదు. మామూలుగా అయితే "మా ఆడపడుచుగారికి తీరికైందా" అంటుంది. అన్నయ్య కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి ఎడమ చెయ్యి ఎత్తాడు. వదిన టీ ఇచ్చి, లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. "అన్నీ సున్నా చూపిస్తున్నాయి. చూడు" అంది.

తొమ్మిది వందల నలభై ఐదు ఫైళ్ళు. రోజుకొకటి. పేర్లన్నీ తేదీలే, అవి ఉన్నాయి. లోపల ఒక్క అక్షరం లేదు.

మూడేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి అన్నయ్యకి మాట పోయింది. ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పే మనిషి, ఆ చివర నుంచి ఈ చివరకి వినబడేలా అరిచే గొంతు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మొదలు, నోట్లోంచి ఏ మాట వచ్చినా వదిన రాసింది. ఏ మాట, ఏ పూట, ఎవరితో, ఎన్ని ప్రయత్నాలకి వచ్చింది, అన్నీ. మొదటి ఐదు నెలలూ నోట్‌బుక్కుల్లో రాసింది. నేనే వెక్కిరించాను. "ఇంకా ఈ పుస్తకాలేంటి వదినా, ఫైళ్ళలో పెట్టుకో, కావలసింది చిటికెలో దొరుకుతుంది" అని నా పాత లాప్‌టాప్ తెచ్చిచ్చాను. వదిన లైబ్రరీలో కేటలాగు చూసే మనిషి, ఇట్టే పట్టేసింది. మిగిలిపోయిన ఖాళీ నోట్‌బుక్కుల్లో ఒకటి నా చేతిలో పెట్టి "నీకు కూడా ఎప్పుడైనా మాటలు ఎక్కువైతే రాసుకో" అంది. ఇప్పుడు రాస్తున్నది అందులోనే.

"ఏం చేశావు వదినా?"

"మాటలు నేర్పే డాక్టరమ్మ ఈ రాతలు వేరే డాక్టర్లకి చూపిస్తానంది. పేర్లు తీసేసి భార్య, చెల్లెలు, పక్కింటాయన అని పెట్టమంది. ఒక్కొక్కటీ మార్చుకుంటూ కూర్చుంటే ఎప్పటికవుతుంది చెప్పు."

"కాపీ తీసుకోలేదా?"

"అసలు పని మొదలుపెట్టేముందు తీద్దామనుకున్నా. ఇది ఉత్తినే చేసి చూడ్డమే కదా. ఎన్ పెడితే ఏమీ ప్రింట్ చెయ్యదని రాసుంది. అంటే దేన్నీ ముట్టుకోకుండా, నేను రాసిందాంట్లో తప్పులుంటే చెప్తుంది కాబోలనుకున్నా. డాక్టరమ్మ అడిగినదానికి ఐ కావాలి, దాని పక్కన ఎన్ పెట్టి నొక్కాను. తెర మీద ఏమీ రాలేదు. హమ్మయ్య, తప్పులు లేవు అనుకున్నా."

ఎన్ ఏమీ ప్రింట్ చెయ్యలేదు. ఐ ఆ ఏమీలేనిదాన్నే తీసుకెళ్ళి ప్రతి ఫైల్లోనూ అన్నయ్య మాటల స్థానంలో రాసింది. రెండూ చెప్పిన పని చెప్పినట్టు చేశాయి.

వదిన ఏదైనా ముందు ఉత్తుత్తిగా చేసి చూసుకునే మనిషి. అన్నయ్యని మొదటిసారి కిందికి తీసుకెళ్ళేముందు ఖాళీ కుర్చీతో లిఫ్టులో మూడుసార్లు దిగి ఎక్కింది. ఇంకొకరైతే ఈ పరీక్ష లేకుండా నేరుగా పని కానిచ్చేసేవాళ్ళు, ఫైళ్ళు నిక్షేపంగా ఉండేవి. జాగ్రత్త పడ్డందుకే పోయాయి.

"నా తెలివితక్కువతనం" అంది వదిన. మధ్యాహ్నంలోగా ఆ మాట నాలుగుసార్లు అంది. నేను "తీసుకెళ్ళి చూపిస్తాలే, వస్తాయి" అన్నాను. నా పేజీ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మార్చి 10, మంగళవారం

చెడిపోయిన డిస్కుల్లోంచి ఫైళ్ళు బయటికి తీసే ఆయన దగ్గరికి వెళ్ళాను. స్టేషన్ వెనక మొదటి అంతస్తులో చిన్న గది, గోడ నిండా విప్పేసిన యంత్రాలు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని అడిగాడు.

"ఎప్పుడు పోయాయి?"

"పోయిన మంగళవారం సాయంత్రం."

"అప్పటినుంచి ఆపేసి ఉంచారా?"

"లేదు. ఎలాగైనా వస్తాయేమోనని మా వదిన రోజూ తెరిచి ఏదో ఒకటి చేస్తూనే ఉంది."

గంటన్నర కూర్చోబెట్టి, వాడినకొద్దీ పాతవాటి చోట కొత్తవి రాసుకుపోయాయనీ, ఏమీ మిగల్లేదనీ చెప్పాడు. "మర్నాడే మూసేసి తెచ్చుంటే సగమైనా ఆశ ఉండేదండీ. ఇలాంటప్పుడు ముందు మిషను ఆపెయ్యమని ఎవరో ఒకరు చెప్పాల్సింది" అన్నాడు.

మర్నాడంటే బుధవారం. బుధవారం పొద్దున్నే వదిన ఫోన్ చేసింది.

మార్చి 12, గురువారం

పేజీ మళ్ళీ చదివాను. పేజీలో తప్పు లేదు. ఎన్ గురించి రాసింది నిజం. ఐ గురించి రాసింది నిజం.

మార్చి 13, శుక్రవారం

పేజీలో తప్పు లేదు. ఇవాళ మేనేజరుతో కూడా అదే చెప్పాను. ఆయన నన్నేమీ అడగలేదు, నేనే చెప్పాను. ఇరవై స్విచ్‌లుంటే ఏ రెండు కలిస్తే ఏమవుతుందో అన్నీ రాయాలంటే దానికి అంతుండదు కదా. చదివేవాళ్ళు కూడా కాస్త బుర్ర వాడాలి కదా.

బుర్ర వాడలేదని నేను వదిన గురించి అనడం లేదు.

మార్చి 16, సోమవారం

ఫిర్యాదులు నలభై ఒకటీ వరసగా చదివాను. ఇన్నాళ్ళూ మొదటి లైను చూసి మూసేసేదాన్ని. వాటిలో ఏడింటిలో ఇదే గొడవ. ఒకాయన వాన లెక్కలు పోయాయట. ఒకావిడ తన విద్యార్థుల వ్యాసాలు పోగొట్టుకుంది. ఒకరు ఇంతే రాశారు: "ఫైలు ఖాళీ. మీ పేజీకి ధన్యవాదాలు." ఏడింటికీ నేనే జవాబిచ్చాను, ఏడుసార్లూ ఒకటే జవాబు. పేజీని జాగ్రత్తగా చదవండి.

నేను కుదురుగా కూర్చుని టైపు చేసిన జవాబులే అవి. చివర నా సంతకం కూడా ఉంది.

మార్చి 17, మంగళవారం

మేము రాసే ప్రతి పేజీకీ ఒక చరిత్ర ఉంటుంది. ఎవరు ఏ రోజు ఏ మాట చేర్చారు, ఎవరు తీశారు, ఎందుకు తీశారు, అన్నీ అందులో దొరుకుతాయి. ఎన్ దగ్గర ఎప్పుడైనా ఏమైనా రాసి ఉందా అని ఇవాళ వెతికాను. ఎందుకు వెతికానో తెలుసు. ఏమీ ఉండకూడదని వెతికాను.

ఆరేళ్ళ క్రితం ఒక వాక్యం ఉంది.

"జాగ్రత్త: ఎన్, ఐ రెండూ కలిపి వాడితే, మీరు ప్రింట్ చెయ్యమని విడిగా చెప్పకపోతే, మీ ఫైలు ఖాళీ అయిపోతుంది. అది తిరిగి రాదు. ఉత్తినే చేసి చూడటానికి ఎన్ వాడకండి."

ప్రశ్న మాస్టారు రాశారు. లెక్కల టీచరుగా రిటైరై మా దగ్గర రెండేళ్ళు పనిచేసిన పెద్దాయన. ప్రతి పేజీ కింద ప్రశ్నలు పెట్టేవారు కాబట్టి ఆ పేరు. అది పేజీలో పదకొండు రోజులుంది. పన్నెండో రోజు తీసేశారు. తీసేసినవాళ్ళ పేరు నాది. పక్కన కారణం కూడా రాశాను.

"అనవసరం. ఇంత తెలివితక్కువవాళ్ళెవరూ మన పేజీ చదవరు."

నాకు అసలు గుర్తే లేదు. వాక్యం తీసెయ్యడం గుర్తులేదు, ఆ మాట రాయడం అంతకన్నా గుర్తులేదు. రాసింది మాత్రం నేనే, అది నా గొంతే. చదువుతుంటే వదిన వంటగదిలో నిలబడి "నా తెలివితక్కువతనం" అనడం చెవిలో పడుతూనే ఉంది.

మార్చి 19, గురువారం

చెప్పెయ్యాలి.

మార్చి 20, శుక్రవారం

చెప్తే మాత్రం ఏమవుతుంది? ఫైళ్ళు వస్తాయా? అసలే ఇంట్లో అంత పనితో ఉంది, ఇప్పుడు నా గొడవ కూడా ఎత్తి నెత్తిన పెట్టడమెందుకు. ఆవిడ మంచికే ఆగుతున్నాను.

ఈ పై మాట రేపు చదివితే నాకే సిగ్గేస్తుంది. అయినా కొట్టెయ్యను. కొట్టేసింది చాలు.

మార్చి 22, ఆదివారం

చెప్పాలనే వెళ్ళాను. కాగితం మీద ప్రింటు కూడా తీసుకెళ్ళాను, సంచిలో మడిచి పెట్టుకుని. అలాగే వెనక్కి తెచ్చాను.

వదిన మొదటి ఐదు నెలల నోట్‌బుక్కులు మూడూ బల్ల మీద పెట్టుకుని అన్నయ్యకి చదివి వినిపిస్తోంది. "ఇది చూడు, నీకు 'ఉప్పు' రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఇప్పుడేమో ఉప్పు తక్కువైందని నన్నే దెప్పుతున్నావు." అన్నయ్య నోరు ఒకపక్కకి లాగి నవ్వాడు. మూడో పుస్తకం అయిపోగానే అలవాటుగా చెయ్యి చాపి, పక్కన ఇంకేమీ లేక, చెయ్యి వెనక్కి తీసుకుంది.

లైబ్రరీలో కేటలాగు పని వద్దని తనే అడిగి, కౌంటర్లో పుస్తకాల మీద తేదీ ముద్ర వేసే పని తీసుకుందట. "నాకెందుకే ఈ కంప్యూటర్లు. ఇంట్లో చేసింది చాలక అక్కడి లిస్టులు కూడా తుడిచిపెడతానేమో" అంది. పదిహేనేళ్ళుగా ఆ కేటలాగు ఆమె చేతిలో ఉంది. పుస్తకం పేరు సగం చెప్తే అది ఏ అరలో ఉందో చెప్పే మనిషి.

అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. ఆమె ఇంకేదో మొదలుపెట్టింది.

"మీ అన్నయ్య నిన్ను పిలిచిన రోజు కూడా పోయిందే అందులో."

"నన్నా?"

"పిచ్చుకా అని. నేను నిజం పిచ్చుకేమో అనుకుని కిటికీలోంచి చూశాను. కాదు, నీ ఫోటో చూపించాడు. ఎన్నిసార్లు ప్రయత్నం చేశాడో లెక్కపెట్టి మరీ రాశాను."

చిన్నప్పుడు వాగుతూనే ఉండేదాన్నని అన్నయ్య నాకు పెట్టిన పేరు అది. ఇంకెవరూ ఆ పేరుతో పిలవరు.

"ఎప్పుడు వదినా?"

"రెండేళ్ళయి ఉంటుంది. ఎండాకాలమా... ఏమో. రాసిపెట్టాను కదా అని బుర్రలో పెట్టుకోలేదు."

"నాకు చెప్పలేదేం?"

"ఆ పూటే ఫోన్ చేశాను. పనిలో ఉన్నాను, ఆదివారం మాట్లాడదాం అన్నావు. సరే, అన్నీ కలిపి ఒకసారి అచ్చు తీసి నీ పుట్టినరోజుకి ఇద్దామనుకున్నా."

అన్నయ్య ఆ తరవాత ఆ పేరుతో పిలవలేదట. చెయ్యి ఎత్తుతాడు, లేదంటే "ఏయ్" అంటాడు. ఎత్తిన చేతిని నేను ఈ మూడేళ్ళూ చూస్తూనే ఉన్నాను, ఇదివరకు ఒకసారి పేరు పెట్టి పిలిచాడని తెలియకుండా. వెళ్ళొస్తానని చెప్పి లిఫ్టు దాకా వచ్చి, అది రాకముందే మెట్లు దిగేశాను. ఎవరైనా చూస్తారని ఏడుపు ఆపుకున్నాను, మూడు అంతస్తులూ.

మార్చి 24, మంగళవారం

ప్రశ్న మాస్టారికి ఫోన్ చేశాను. నంబరు పట్టుకోవడానికే రెండు రోజులు పట్టింది. గొంతు అలాగే ఉంది.

"ఎవరూ? కత్తెరమ్మా? ఇన్నేళ్ళకి నా వాక్యాల్లో ఇంకేమైనా తీసెయ్యడానికి మిగిలిందా?" అని నవ్వారు.

ఫలానా వాక్యం గుర్తుందా అని అడిగాను.

"గుర్తు లేకేం. దానికి ముందురోజే కదమ్మా నా లెక్కల పుస్తకం పోయింది."

"పోవడమేంటి మాస్టారూ?"

"పిల్లల కోసం రాసుకుంటున్న లెక్కలు, నాలుగొందలు. ఉత్తినే చేసి చూద్దామని ఎన్ పెట్టాను. అంతే సంగతులు. కూర్చుని కాసేపు నన్ను నేను తిట్టుకుని, ఇంకొకడికి ఇలా కాకూడదని ఆ వాక్యం రాశాను."

ఆయన ఇంకా అన్నారు. "తరవాత నువ్వు పక్కన రాసింది చూశాను. ఇంత తెలివితక్కువవాళ్ళెవరూ చదవరని. పోనీలే, ఆ ఒక్క తెలివితక్కువవాడూ నేనే కదా, నాకిప్పుడు తెలిసిపోయింది, ఇక ఆ వాక్యంతో పనేముంది అనుకున్నా." మళ్ళీ నవ్వారు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు, అదే నన్ను ఎక్కువ కాల్చింది.

"క్షమించండి మాస్టారూ" అన్నాను.

"నాకెందుకమ్మా. ఆ తరవాత పోగొట్టుకున్నవాళ్ళకి చెప్పు" అన్నారు.

మార్చి 27, శుక్రవారం

మేనేజరు "పేజీ ఎంతవరకు వచ్చింది మేడమ్" అన్నాడు. ఆదివారం తరవాత చెప్తానన్నాను. ఆదివారానికీ పేజీకీ ఏం సంబంధమో ఆయనకి అర్థం కాలేదు.

మార్చి 29, ఆదివారం

చెప్పేశాను.

సంచిలోంచి ఆ కాగితం తీసి వదిన చేతిలో పెట్టాను. ఏం చెప్పాలో దారంతా వల్లె వేసుకుని వెళ్ళాను, అక్కడ ఒక్కటీ గుర్తు రాలేదు. "చదువు వదినా" అన్నాను అంతే. ఆమెతో ఎప్పుడూ అనే మాటే మళ్ళీ అన్నాను.

కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. మాస్టారి వాక్యం చదివింది. కింద నేను రాసిన కారణం దగ్గర ఆగింది.

"ఇది నువ్వే రాశావా?"

"నేనే. ఆ వాక్యం ఉంటే నువ్వు ఆ పని చేసేదానివి కాదు. తప్పు నీది కాదు వదినా, నాది."

"నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పలేదు. "పన్నెండు రోజులైంది. లోపల్లోపల నువ్వు చెప్పిన రోజే తెలుసు."

కాగితం మడిచింది. మడత మీద గోరుతో గీస్తూ మాట్లాడింది.

"వాక్యం తీసేశావు, సరే. పనిలో జరుగుతుంది, నేనూ తప్పు అరలో పుస్తకాలు పెట్టాను. కానీ మూడు వారాలుగా నన్ను నేను తిట్టుకుంటుంటే ఈ కుర్చీలో కూర్చుని టీ తాగుతూ విన్నావు చూడు. కౌంటర్లోకి మారానంటే కూడా విన్నావు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదే అంటే, మాత్ర వేసుకో వదినా అన్నావు."

నేనలా అన్నానా? అన్నాను. మొన్న గుమ్మంలో నిలబడి అన్నాను. ఇక్కడ రాయలేదు.

"ఇవాళ్టికి వెళ్ళవే" అంది వదిన. అరవలేదు. అన్నయ్య మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఏ... ఏం?" అన్నాడు. "ఏం లేదు, నీ చెల్లెలికి పనుంది" అంది.

మార్చి 31, మంగళవారం

పేజీ ఇచ్చేశాను. నాలుగు కాస్తా పదకొండు పేజీలైంది. ఏ స్విచ్ ఏ స్విచ్‌తో కలిస్తే ప్రమాదమో ఒక్కొక్కటీ నా మిషను మీద చేసి చూసి రాశాను. అన్నిటికన్నా పైన, మొదటి లైనులో మాస్టారి వాక్యం పెట్టాను, కామాతో సహా ఆయన రాసినట్టే. తిరిగి చేర్చడానికి కారణం రాయమంటే ఇలా రాశాను: "దీన్ని తీసేసింది నేను. అది తప్పు. దీనివల్ల మనుషులు పోగొట్టుకున్నవి తిరిగి రావు."

ప్రోగ్రాం రాసేవాళ్ళని కూడా అడిగాను, ఆ రెండూ కలిసినప్పుడు అదే ఆగి ఒకసారి అడిగేలా చెయ్యలేరా అని. వచ్చే ఏడాది చూద్దామన్నారు. అప్పటిదాకా ఆ వాక్యమే దిక్కు.

మేనేజరు పేజీలు తిప్పి, "మీరేనా మేడమ్ రాసింది?" అన్నాడు.

ఏప్రిల్ 5, ఆదివారం

వెళ్ళలేదు. రమ్మనలేదు.

ఏప్రిల్ 8, బుధవారం

ఆ ఏడుగురికీ విడివిడిగా ఉత్తరాలు రాశాను. వాన లెక్కలాయన జవాబిచ్చాడు. "మంచిది. ఇప్పటికైనా." అంతే ఉంది. పొడవుగా రాస్తాడని ఎందుకనుకున్నానో.

ఏప్రిల్ 12, ఆదివారం

పొద్దున వదిన ఫోన్ చేసింది. మొదటి రింగుకే తీశాను.

"నీ కొత్త పేజీ చదివాను. లైబ్రరీలో, నా పాత సీట్లో కూర్చుని" అంది. ఆ చివరి మాట నాకు తెలియాలనే అంది. "ఒకచోట ఇంకా సరిగ్గా లేదు. ఫైలు ఖాళీ అవుతుందన్నావు, బానే ఉంది. తెర మీద మాత్రం ఏమీ కనబడదని చెప్పలేదు. ఏమీ కనబడకపోతే మాబోటివాళ్ళం అంతా బాగుందనుకుంటాం. అది రాయి."

రాస్తానన్నాను. నేను పదకొండు పేజీలు రాసినా ఆ సంగతి నాకు తట్టలేదు.

"మధ్యాహ్నం రా. నేను క్షమించేశాననుకునేవు, అదేం లేదు. చెయ్యి నొప్పిగా ఉంది, రాసేవాళ్ళు కావాలి."

వెళ్ళేసరికి వాన మొదలైంది. బల్ల మీద కొత్త నోట్‌బుక్కు ఉంది, నాలుగోది, అట్ట మీద వదిన అంకె వేసింది. మూడోదానికీ దీనికీ మధ్య రెండేళ్ళ ఏడు నెలలు లేవు. వాటి గురించి ఇద్దరం ఏమీ అనుకోలేదు. పెన్ను నా చేతికిచ్చి, తను అన్నయ్య వెనక నిలబడి భుజాలు పడుతూ "ఏదంటే అది రాయి" అంది.

పావుగంట ఏమీ అనలేదు అన్నయ్య. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తరవాత నా వైపు తిరిగాడు. పెదవులు కదిలించాడు, ఆగాడు, మళ్ళీ కదిలించాడు. మధ్యలో నేను అందించబోతే వదిన చెయ్యి అడ్డం పెట్టింది. కిటికీ వైపు వేలు చూపించి ఇంకో మాట కోసం వెతుక్కున్నాడు. అంతా అయ్యేసరికి అన్నయ్య నుదుటికి చెమట పట్టింది. నా చూపు మసకబారింది, అయినా రాశాను.

వదిన వంగి నా భుజం మీదుగా చూసింది. పేజీలో రెండు మాటలున్నాయి. పిచ్చుక. వాన.

"మిగతావేవీ?"

"అవి తప్పు వచ్చిన మాటలు కదా వదినా. ముందు నీళ్ళు అన్నాడు, కాదు అన్నాడు, తరవాత కదా..."

"ఆ 'కాదు' కూడా రాయి" అంది. "తప్పని తనకే తెలిసి, తనే దిద్దుకున్నాడు. ఆ ఒక్క మాట రావడానికి ఎంత కాలం పట్టిందో నీకేం తెలుసు? అదీ ఆ ఫైళ్ళలోనే ఉండేది."

నేను రాసింది కొట్టేసి, దాని కిందే మళ్ళీ మొదటినుంచి రాశాను.

ఏప్రిల్ 12. ఆదివారం మధ్యాహ్నం. చెల్లెలితో. నీళ్ళు. కాదు. పి. పిచ్చు. పిచ్చుక. నీళ్ళు. కాదు. కాదు. వాన.